డయాలసిస్‌కు పదేండ్లు ముందుగా

నరసరావుపేట నల్లరేగడి మొదలుకొని కనిగిరి ఎఱ్ఱచెలకల వరకు, పత్తి ధరయు మిర్చి ధరయు తప్ప తక్కిన మాటలకు తీరికలేని పల్లెలలో సయితము, ఒక ఇంట మధుమేహము మూత్రపిండములకు దిగినదని తెలిసిన మరునాడు పరామర్శకు వచ్చిన బంధువులు అడుగు ప్రశ్నలు రెండే: క్రియాటినిన్ ఎంత వచ్చినది, డయాలసిస్ ఎక్కడ చేయించెదరు. ఈ రెండు ప్రశ్నలును రోగము తన పనిలో ముప్పాతిక వంతు ముగించిన పిమ్మట పుట్టునవి. పత్రికలు వ్రాయునదియు వీనిని గూర్చియే, ప్రజాప్రతినిధులు ప్రస్తావించునదియు వీనినే. యంత్రము లెన్ని, పడక లెన్ని, పింఛను ఎంత అనుటతో మన చర్చ ముగిసిపోవుచున్నది. డయాలసిస్ మీద ఆధారపడినవారికి రాష్ట్రప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను నిచ్చుటయు, 2007లో ఆరోగ్యశ్రీ పేరిట మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా సాగుచున్న పథకము క్రింద ఆ చికిత్సను ఉచితముగా చేయించుటయు ప్రశంసింపదగిన కార్యములే; వానిని తగ్గింపుమని ఎవరును కోరరాదు. కాని మనుష్యుని ఆ యంత్రము దగ్గఱకు చేర్చిన పది పదునైదు సంవత్సరముల కాలములో మనము చేయగలిగియుండియు చేయని పనులను గూర్చి ఇంత మౌనముగా నుండుట నాకు సహింపరాని విషయముగా తోచుచున్నది.

మూత్రపిండమనగా రక్తములోని మలినములను వడకట్టు అవయవమని బడిపుస్తకములు నేర్పినవి. అది అసత్యము కాదు గాని, సత్యములో సగము మాత్రమే. రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, అందులో ఒకటి రెండు లీటర్లను మూత్రముగా విడిచి, తక్కిన దంతయు తిరిగి రక్తమునకు అప్పగించు ఈ అవయవము, రక్తపుపోటును శాసించు రెనిన్‌ను తానే స్రవించును. ఎఱ్ఱ రక్తకణములను పుట్టింపుమని ఎముకల మజ్జను ప్రేరేపించు ఎరిత్రోపొయిటిన్‌ను తానే తయారుచేయును. ఎండ తగిలిన చర్మములో పుట్టి కాలేయములో ఒక మార్పు పొందివచ్చిన డి విటమినుకు కడపటి మార్పు చేసి, ప్రేగులనుండి సున్నమును గ్రహింపజేయు హార్మోనుగా దానిని తీర్చిదిద్దును. పని ముగించుకొన్న ఇన్సులిన్‌ను విఱిచి రక్తమునుండి తొలగించును. 1898లో స్టాక్‌హోములో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ అను శాస్త్రజ్ఞులు మూత్రపిండపు సారమును కుందేటి రక్తములోనికి ఎక్కించి, దాని రక్తపుపోటు పెరుగుట గమనించి, ఆ పదార్థమునకు రెనిన్ అని పేరిడిరి. ఆ పిమ్మట ముప్పదియాఱు సంవత్సరములకు గోల్డ్‌బ్లాట్ అను అమెరికా వైద్యుడు కుక్కల మూత్రపిండ ధమనులను బిగించి, రక్తపు పోటు జబ్బును ప్రయోగశాలలోనే పుట్టించి చూపెను. 1970లో ఇంగ్లాండునందు ఫ్రేజర్, కోడిచెక్ అనువారు డి విటమిను కడపటి రూపము మూత్రపిండములోనే సిద్ధమగునని నిరూపించిరి. ఇంత విజ్ఞానము వెలుగులోనికి వచ్చి ఇన్నేండ్లయినను, మన ఊళ్లలో మూత్రపిండములను గూర్చి జరుగు సంభాషణలో హార్మోను అను మాటయే వినబడదు. మధుమేహము ఈ అవయవములో తొలుత కలవరపెట్టునది ఆ హార్మోనుల పాలననే గనుక, ఈ అజ్ఞానమునకు మనము చెల్లించుచున్న మూల్యము మిక్కిలి పెద్దది.

ఆ కలవరము ఎట్లు మొదలగునో నాగార్జునసాగరు కుడికాలువ క్రింద వ్యవసాయము చేసినవారు ఇట్టే గ్రహింపగలరు. చివరి భూములకు నీరు చేరుటలేదని కాలువ కాపరియైన లస్కరు కబురు పంపినచో పైన తూము మఱికొంత ఎత్తుదురు. నడుమ నెవరో మోటార్లు పెట్టి తోడుకొన్నందున చివర నీరు తగ్గినదనియు, కాలువలో ప్రవాహమునకు కొఱత లేదనియు తూము దగ్గఱి మనిషికి తెలియదు. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత నాళములున్నవి, వానిని నెఫ్రానులందురు. ప్రతి నెఫ్రానులోను కొంత దూరము పోయిన తరువాత, అక్కడకు చేరిన ఉప్పు ఎంతయో కొలిచి, ఆ సమాచారమును వడపోత జరుగు రక్తనాళపు గుచ్ఛమునకు తెలుపు కణములు కొన్ని గలవు. ఆరోగ్యవంతునిలో రోజునకు సుమారు 180 గ్రాముల చక్కెర నెఫ్రానులలోనికి దిగును. అది దాదాపు అంతయు నాళపు మొదటి భాగములోనే ఉప్పుతో జతగూడి తిరిగి రక్తములోనికి పీల్చబడును. మధుమేహమున చక్కెర అధికముగా దిగుటచేత, ఆ మొదటి భాగము దానిని వదలలేక మఱింత ఎక్కువగా పీల్చుకొనును, దానితో ఉప్పును కూడ పీల్చును. తత్ఫలితముగా ఉప్పును కొలుచు కణముల యొద్దకు చేరవలసినది చేరదు. రక్తప్రవాహము తగ్గినదని అవి పొరపడి తెలుపగా, గుచ్ఛములోనికి వచ్చు ధమని విచ్చుకొనును. ఇదే సమయమున మూత్రపిండములోపల పుట్టిన ఆంజియోటెన్సిన్ అను హార్మోను గుచ్ఛమునుండి వెలుపలికి పోవు ధమనిని బిగించును. రాకకు ద్వారము తెఱచి, పోకకు ద్వారము మూసిన యెడల నడుమనున్న సున్నితమైన కేశనాళికలు ఎంత ఒత్తిడికి లోనగునో వేరుగా చెప్పవలసిన పనిలేదు.

ఇక్కడ వైద్యులను సయితము చాలకాలము తికమకపెట్టిన విశేషమొకటి కలదు. చిరకాలముగా మధుమేహమున్నవారి రక్తములో రెనిన్‌ను కొలిచిన యెడల అది పలుమారులు తక్కువగానే కనబడును; దానినిబట్టి ఈ హార్మోను వ్యవస్థ నిద్రపోవుచున్నదని భావింతుము. కాని మూత్రపిండపు కణజాలమునకు సొంతమైన రెనిన్, ఆంజియోటెన్సిన్ వ్యవస్థ వేరుగా నున్నది. రక్తములో మందగించినట్లు కనబడినను అది లోలోపల ఉధృతముగా పనిచేయుచు, మచ్చలు కట్టించు మార్పులను ప్రేరేపించుచు నుండును. మఱియు రెనిన్ తగ్గిన కొందఱిలో దానివెంట ఆల్డోస్టెరాన్ కూడ తగ్గి, శరీరము పొటాషియమును విసర్జింపలేని స్థితి వచ్చును. అట్టివారికి ఎండదెబ్బ తగులకుండునని ప్రేమతో పట్టించు కొబ్బరినీళ్లు, పోటు తగ్గునని అంగడిలో కొను పొటాషియపు ఉప్పు, గుండె లయను తప్పించు ప్రమాదము గలదు.

ఈ దశ అంతయు బాధలేకుండ, వాపులేకుండ, ఏండ్ల తరబడి నడచును. అంతేకాక, ఒత్తిడి పెరిగినందున వడపోత మొదట తగ్గుటకు మారుగా పెరుగును, క్రియాటినిన్ చక్కగా కనబడును, రోగి సంతోషించును. ఈ క్రియాటినిన్ కథలో మన తెలుగువాని పేరొకటి యున్నది. భీమవరములో 1895లో జన్మించి, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కే అను శాస్త్రజ్ఞుని యొద్ద పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఆయనతో కలసి ప్రకటించి, ఆ పద్ధతిచేతనే కండరములలో క్రియాటిన్ ఫాస్ఫేటును కనుగొనిరి. ఆ పదార్థమును, దాని మూలమైన క్రియాటిన్‌ను కండరములు వాడుకొనగా మిగిలినదే క్రియాటినిన్. కనుక అది కండ యున్నవారిలో ఎక్కువగాను, బక్కచిక్కినవారిలో తక్కువగాను ఉండుట సహజము. పొద్దంతయు మిరపకాయలు కోసి, తొడిమలు తీసి, అఱువది యేండ్లకు ఎముకలు తేలిన స్త్రీకి క్రియాటినిన్ సరిగా నున్నదని వ్రాసియిచ్చిన చీటీ, ఆమె మూత్రపిండములు సరిగా నున్నవని చెప్పుటకు చాలదు. వడపోతశక్తి సగము నశించిన పిమ్మటగాని ఆ అంకె హద్దు దాటకపోవచ్చును. దానికంటె ఎన్నో ఏండ్లు ముందుగా హెచ్చరించునది మూత్రములోని అల్బుమిన్ అను మాంసకృత్తు. ఒక గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాములు దాటి అల్బుమిన్ మూడు నెలల వ్యవధిలో పదే పదే కనబడినచో, గుచ్ఛములలో ఒత్తిడి హాని చేయ నారంభించినదని అర్థము. ఈ పరీక్షకు సూది అక్కఱలేదు, పరగడుపు అక్కఱలేదు. రక్తములో చక్కెర పరీక్షకు అలవాటుపడిన మన ప్రజలకు దీని పేరైనను తెలియకపోవుట వారి దోషము కాదు. వారికి చెప్పినవారు లేరు.

ఇంతకంటె నన్ను ఎక్కువగా కలచివేయు విషయము వేరొకటి. ఇరువది యేండ్లుగా చక్కెరజబ్బుతో నున్న పెద్దమనిషికి ఒకానొక సంవత్సరము ఉన్నట్లుండి చక్కెర తగ్గుట మొదలగును; నలుబది యూనిట్ల ఇన్సులిన్ ముప్పదికి, ముప్పది ఇరువదికి దిగును; మాత్ర వేసికొన్ననాడు చెమటలు పట్టి కళ్లు తిరుగును. ఇల్లంతయు ఆనందించును. తినిన కాకరకాయకో, త్రాగిన మెంతినీళ్లకో, మ్రొక్కిన దేవునికో ఆ కీర్తి దక్కును. జరిగిన దేమనగా, ఇన్సులిన్‌ను విఱిచి తొలగించు మూత్రపిండము ఆ పని చేయలేకున్నది; ముఖ్యముగా సూదిద్వారా ఎక్కించుకొన్న ఇన్సులిన్‌ను తొలగించుటలో దాని వాటా పెద్దది కావున, అది క్షీణించినపుడు అదే మోతాదు మఱింతసేపు శరీరములో నిలిచి పనిచేయుచున్నది. ఉపవాసవేళలో చక్కెరను తయారుచేసి రక్తమునకు అందించు శక్తియు మూత్రపిండమునకు గలదు, అదియు సన్నగిల్లుచున్నది. గ్లిబెన్‌క్లమైడ్ వంటి పాత మాత్రలు కూడ మూత్రపిండముల ద్వారా పోవలసినవే గనుక, అవి పేరుకొని, రాత్రివేళ నిద్రలోనే చక్కెరను ప్రమాదకరముగా పడగొట్టును. చక్కెర తగ్గినదన్న శుభవార్త నిజమునకు మూత్రపిండములు ఓడిపోవుచున్నవన్న వార్త కావచ్చును. మందుల మోతాదు మార్పులేకుండ, ఆహారములో మార్పులేకుండ, దీర్ఘకాలపు మధుమేహికి చక్కెర వరుసగా తగ్గుచున్నచో వెంటనే మూత్రపిండముల పరీక్ష చేయింపవలెనని ప్రతి ఆశా కార్యకర్తయు ప్రతి ఇంట చెప్పవలసిన మాట; దీనికి ధనము అక్కఱలేదు, నోరు చాలును.

రక్తహీనతను గూర్చియు ఇట్టిదే. మధుమేహమున్నవారిలో ఎరిత్రోపొయిటిన్‌ను పుట్టించు కణములు తక్కిన మూత్రపిండరోగులలో కంటె ముందుగానే దెబ్బతినుచున్నవి. కల్లాలలో ఎండుమిరప మీద పొద్దుపుచ్చు స్త్రీ ఆయాసపడినచో పని ఎక్కువైనదందురు. ఇనుము బిళ్లలు ఇత్తురు. అవి చాలకపోయినను అవే మఱల ఇత్తురు. ఇనుము లోపము మన స్త్రీలలో మెండుగా నున్నమాట నిజమే, దానికి చికిత్స ముందు జరుగవలసినదే. కాని మధుమేహమున్నవారిలో ఇనుము సరిపడినను రక్తము పెరుగకున్నచో ఆజ్ఞనిచ్చు హార్మోను కొఱవడినదేమో చూడవలెను. ఆ హార్మోను 1977లో శుద్ధరూపమున వేరుచేయబడి, 1989 నాటికి మందుగా వాడుకలోనికి వచ్చినది.

ఉమ్మడి ప్రకాశము జిల్లా పడమటి మండలములలో ఈ చిక్కు మఱొక చిక్కుతో పెనవేసికొన్నది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలో నుండిన కాలమున, 1937లో షార్ట్ మొదలైన వైద్యులు అక్కడి బావినీటిలోని ఫ్లోరైడు మనుష్యుల వెన్నెముకలను ఎట్లు బిగించుచున్నదో వర్ణించి ప్రకటించిరి. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి వైద్యవర్ణనలలో అది ప్రసిద్ధమైనది. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినది, జిల్లా పేరు మారినది, పాలకులు మారిరి. ఆ నీటిని గూర్చిన మొర మాత్రము నేటికిని ఆగలేదు. త్రాగిన ఫ్లోరైడును శరీరమునుండి వెడలించు ముఖ్యమార్గము మూత్రపిండమే. మధుమేహముచేత అది క్షీణించిన మనిషిలో ఫ్లోరైడు మఱింత నిలువయగును. డి విటమిను కడపటి రూపము తగ్గుటచేత సున్నము ప్రేగులనుండి ఎక్కదు. భాస్వరము రక్తములో పేరుకొనును. సున్నపు కొఱతను తీర్చుటకు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు విజృంభించి ఎముకలనుండియే సున్నమును లాగును. ఒకే ఎముకమీద మూడు దిక్కులనుండి దాడి జరుగుచుండగా, నడుము నొప్పి అని వచ్చిన కనిగిరి రైతునకు మనము చేయునది ఏమి? నొప్పిబిళ్ల ఇచ్చి పంపుచున్నాము.

ఆ నొప్పిబిళ్లను గూర్చి నేను కఠినముగా మాటలాడదలచితిని. మిరపకోతల కాలమున, పత్తితీతల కాలమున, ఒంగి ఒంగి నడుములు పడిపోయిన కూలీలు డైక్లోఫెనాక్ వంటి బిళ్లలను, సూదులను ఎంత అవలీలగా వాడుచున్నారో ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. మూత్రపిండము తన లోనికి వచ్చు ధమనిని తెఱచియుంచుటకు ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములను తయారుచేసికొనును. ముఖ్యముగా చెమటతో నీరు కోలుపోయినపుడు రక్తప్రవాహము నిలుపుకొనుటకు దానికి అవియే దిక్కు. నొప్పిబిళ్ల వానినే అడ్డగించును. ఫిబ్రవరి నుండి మే వరకు గుంటూరు ఎండలలో, దాహమునకు సరిపడ నీరు త్రాగు వీలులేని పొలములో, రక్తపు పోటు మందు వాడుచున్న మధుమేహికి ఈ బిళ్ల పడినచో ఏండ్ల తరబడి జరుగవలసిన హాని వారములోపల జరుగవచ్చును. పల్లెలో మొదట చేయి పట్టుకొని చూచునది ఆర్.ఎం.పి. అనబడు పల్లెవైద్యుడే, ఆయనను దూషించి లాభము లేదు, ఆయనకు ఈ విషయము నేర్పవలెను. మందుల దుకాణములవారిని మాత్రము శాసనముచేత కట్టడి చేయవలసినదే. ఉప్పు విషయము క్లుప్తముగా చెప్పెదను: మన ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు విడువుమని చెప్పుటకు నాకు నోరు రాదు, అయినను ఆంజియోటెన్సిన్‌ను అణచు మందులు ఉప్పు ఎక్కువైన శరీరములో కొంత బలమును కోలుపోవునన్నది నిజము గనుక, పచ్చడి వేసికొన్న పూట తక్కిన కూరలలో ఉప్పు తగ్గించుటయైనను అభ్యాసము కావలెను.

ఇంత చెప్పిన పిమ్మట, మార్గమేమి అను ప్రశ్నకు ఉత్తరము చేతిలోనే యున్నది. బ్రెజిలు దేశపు విషసర్పము విషమునందలి పదార్థములను పరిశీలించుటవలన పుట్టిన క్యాప్టోప్రిల్ అను మందు 1981లో అమెరికాలో అనుమతి పొందినది. ఇన్సులిన్‌పై ఆధారపడిన మధుమేహులలో మూత్రపిండముల పతనమును అది సుమారు సగమునకు తగ్గించినదని 1993లో వెలువడిన పరీక్షాఫలితములు చూపినవి. 2001లో లోసార్టన్, ఇర్బిసార్టన్ అనునవి పెద్దవయస్సు మధుమేహమునందును మేలు చేయునని తేలినది. ఇవన్నియు ఆంజియోటెన్సిన్‌ను ఆపి, వెలుపలికి పోవు ధమనిని సడలించునవి. నాళపు మొదటి భాగములో చక్కెరను, ఉప్పును పీల్చు ద్వారమునే మూయు కొత్త మందులు తరువాత వచ్చినవి; అట్లు మూసినచో ఉప్పు చివరి వరకు చేరి, అక్కడి కణముల పొరపాటు సరిపడి, వచ్చు ధమని తన సహజస్థితికి మరలును. కానాగ్లిఫ్లోజిన్‌తో 2019లోను, డాపాగ్లిఫ్లోజిన్‌తో 2020లోను ముగిసిన పరీక్షలలో మూత్రపిండములు విఫలమగు ప్రమాదము మొదలైనవి కలిపి చూడగా క్రమముగా నూటికి 30, 39 వంతులు తగ్గినవి. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశమున 2020లోనే తీఱిపోయినది. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో తీఱినది. మన కంపెనీలే వీనిని చౌకగా తయారుచేయుచున్నవి. ధరను సాకుగా చూపు కాలము గడచినది.

ఈ మందులు జాగ్రత్తలేనివి కావు. మొదటి వారములలో క్రియాటినిన్ కొంచెము పెరుగును; అది గుచ్ఛములలో ఒత్తిడి తగ్గినదనుటకు గుర్తేగాని, కిడ్నీ పాడైనదని భయపడి మానివేయవలసినది కాదు, హద్దు మీరి పెరిగినచో మాత్రము వైద్యుడు చూడవలెను. పొటాషియమును కొలువవలెను. వాంతులు, విరేచనములు, ఎండదెబ్బ కలిగిన దినములలో వీనిని తాత్కాలికముగా ఆపవలెనని రోగికి ముందే చెప్పియుంచవలెను. ఇదంతయు చేయుటకు నెఫ్రాలజీ నిపుణుడు అక్కఱలేదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుడు చాలును.

భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే 2023లో మన దేశమున మధుమేహులు పది కోట్ల పది లక్షలని ప్రకటించినది. వారిలో సుమారు మూడింట ఒకరికి కాలక్రమమున మూత్రపిండములు దెబ్బతినునని వైద్యులు అంచనా వేయుదురు. ఇంతమందికి సరిపడు డయాలసిస్ యంత్రములను ఏ ప్రభుత్వమును సమకూర్పజాలదు. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో కారణము నేటికిని పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధికై పలాసలో 2023 డిసెంబరులో పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రిని నెలకొల్పిరి; తగిన పని. కారణము తెలియని వ్యాధికి అంత శ్రద్ధ చూపిన రాష్ట్రము, కారణము తెలిసి, గుర్తించు పరీక్ష తెలిసి, ఆపు మందు తెలిసిన ఈ వ్యాధికి గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము మైదానములలో పరీక్షనైనను ఏల అందింపలేకున్నది? 1946 నుండి గుంటూరులో వైద్యకళాశాల యున్నది. ఒంగోలులో రిమ్స్, మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చినవి. కొఱత పైన లేదు, ఊరిలో ఉన్నది.

నేను కోరునది ఇది. ముప్పదియేండ్లు దాటినవారికి రక్తపు పోటును, చక్కెరను చూచు గ్రామ ఆరోగ్యకేంద్రములలో, మధుమేహులకు సంవత్సరమున కొకమారు మూత్రములోని అల్బుమిన్ నిష్పత్తిని తప్పనిసరిగా చూడవలెను. చక్కెర అంకె వ్రాయు పుస్తకములో దాని ప్రక్కనే ఆ అంకెకును ఒక గడి అచ్చువేయవలెను. లోసార్టన్ జాతి మందొకటి, డాపాగ్లిఫ్లోజిన్ జాతి మందొకటి ఉచిత ఔషధముల పట్టికలో ఎప్పుడును కొఱవడకుండ ఉండవలెను. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములలో నడుము నొప్పితో వచ్చు మధుమేహికి నొప్పిబిళ్ల వ్రాయుటకు ముందు సున్నము, భాస్వరము, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షింపవలెను. గుంటూరు మిర్చి యార్డునకు వేసవి సెలవులిచ్చు మే మాసములో, మిర్చి బస్తాలైన టిక్కీలు మోయు హమాలీలకును, తొడిమలు తీయు స్త్రీలకును తీరిక దొరకు ఆ కొద్దివారములలో, పరీక్షాశిబిరములు యార్డు ఆవరణలోనే జరిపి, అల్బుమిన్ హెచ్చుగా కనబడినవారిని ఖరీఫు పనులు మొదలగుటకు ముందుగానే మందులలోనికి తేవలెను. జూన్ దాటిన పిమ్మట వారిని పట్టుకొనుట కష్టము.